ఉప్పుగాలిలో పెరటి తోట

పెరట్లో మొక్క ఆకులు మాడితే ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: “పాపం, దానికి బలం చాలలేదు.” ఆ సాయంత్రమే పాదులో గుప్పెడు ఎరువు పడుతుంది. వారం తిరిగేసరికి మిగిలిన ఆకులూ మాడతాయి. నీటిలో కరిగే రసాయనపు ఎరువులు చాలా మటుకు లవణాలే. ఉప్పుతో బాధపడే మొక్కకు అవి వేయడం పుండు మీద కారం చల్లడమే.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో ముందుగా అనుమానించవలసింది ఉప్పునే. అది రెండు దారుల వస్తుంది. సముద్రం వైపు ఆకులే మాడితే దోషం గాలిది. చెట్టు చుట్టూ ముదురాకుల కొసలు మాడి, ఆరిన నేలపై తెల్లని పొర కనిపిస్తే దోషం నూతినీటిది. తీరంలో మంచినీరు ఉప్పునీటిపై తేలి ఉంటుంది; వేసవిలో మోటారుతో అతిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది.

గాలి ఉప్పుకు మందు మంచినీటి స్నానం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న ఈ ఊరికి సమీపంలోనే దాటిన గులాబ్ వంటి తుపానుల తరువాత వాన వెలిసిందంటే, బతికిన మొక్కల ఆకులు వెంటనే కడగాలి. నేల ఉప్పుకు రోజూ చిలకరించే నీరు చాలదు. అది ఆవిరై ఉప్పును పైనే వదులుతుంది. మంచినీరు ఒక్కసారి పాదు నిండా పోస్తే, ఇసుక నేల కనుక ఉప్పు కిందికి దిగిపోతుంది. తరువాత చివికిన గత్తం కలిపి, పైన ఎండుటాకులు పరచాలి.

ముదురాకులు మాడక మొత్తంగా పసుపెక్కితే నత్రజని లోపం. బలం కావలసింది అప్పుడే. వంగ, టమాటా గిడసబారితే ఒక మొక్క పెకలించి చూడండి. వేళ్లు ముడులు కట్టి ఉంటే నులిపురుగులు. ఆ మడిలో వేపపిండి వేసి, మరుసటి కారు బంతి నాటాలి. చిక్కుడు వేళ్లపై గోటితో తీస్తే ఊడే బుడిపెలు మాత్రం మేలు చేసేవే, భయం లేదు.

సందేహం తీరకపోతే సీసాలో నూతినీరు, సంచిలో మట్టి భూసార పరీక్షకు పంపండి. నీరు ఉప్పనేనని తేలితే గులాబీపై మమకారం చంపుకొని, కొబ్బరి, సపోటా నాటుకోవడం గృహస్థుకు సుఖం.