గల్ఫ్ నుంచి సోలార్ కిట్టు తెప్పిద్దామా? ముందు టేపు, తూకం పట్టుకోండి

పై వీడియోలో మా ఇందల్వాయి పొలం షెడ్డు మీద కనిపించే సోలార్ ప్లేటు నేను రెండోసారి కొన్నది. మొదటిసారి కొన్నది షెడ్డు వెనక కోళ్ళ గూటికి ఎండ తగలకుండా అడ్డం పెట్టాను. దాని పని ఇప్పుడు అదే.

సంక్రాంతి ముందు దుబాయ్ నుంచి మా బావమరిది ఫోన్ చేసిండు. "బావా, ఆన్‌లైన్‌లో సోలార్ కిట్టు ఆఫర్లో ఉంది. ప్లేటు, బ్యాటరీ, ఆరు వేల వాట్ల ఇన్వర్టర్ అన్నీ ఒకటే డబ్బాలో. వచ్చేటప్పుడు పట్టుకొస్త, ఇంటికీ షెడ్డుకీ అదే సరిపోతది" అన్నాడు. దాని ధర ఆయనకు నెలన్నర జీతం. మన నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ పైసలు రాని ఊరు లేదు, ఇట్లాంటి ఫోన్ రాని ఇల్లూ తక్కువే. "ఆగు, కొనకు, ముందు లెక్క రాద్దాం" అన్నాను. ఆ లెక్కే ఈ పోస్టు.

మా షెడ్డు కష్టం ఏందంటే, అక్కడికి ఉన్నది బోరు లైను ఒక్కటే. అది మోటరు కోసం ఇచ్చిన కరెంటు, దాని నుంచి బల్బులూ ఫ్యాన్లూ లాగకూడదు. ఇంటి కరెంటు తీసుకోవాలంటే స్తంభాలు వేయించాలి. మరోపక్క అడవి దగ్గర, పందులు వస్తాయి. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిన రోజుల్లో రాత్రి మనిషి కాపలా పడుకోవాల్సిందే. ఆ మనిషి మా నాయన. చీకట్లో ఆయన్ని ఒక్కణ్ణి వదిలి ఇంట్లో నిద్రపోవడం నాతో కాదు. అందుకే ఆ షెడ్డులో లైటు పోకూడదు.

ఇప్పుడు లెక్క. చాలామంది "ఎన్ని వాట్ల కిట్టు తీసుకోవాలి?" అని మొదలుపెడతారు. అది తలకిందులు. మనకు రోజుకు ఎంత కావాలో ముందు రాయాలి. ఒక్కో సామాను వాట్లను అది నడిచే గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వెయ్యి వాట్ అవర్లంటే మీటర్లో ఒక యూనిట్.

మాది ఇట్లా వచ్చింది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, 5 గంటలకు 180. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, 8 గంటలకు 240. (పాత ఫ్యాను 75 వాట్లు తింటది, అదే 8 గంటలకు 600. ఇంకో ప్లేటు కొనే బదులు ఫ్యాను మార్చుకోవడం చవక.) సిమ్ కెమెరాలు రెండూ కలిపి 15 వాట్లు, కానీ 24 గంటలూ నడుస్తాయి కాబట్టి 360. చూశారా, అన్నిటికన్నా చిన్నగా కనిపించేదే ఎక్కువ తింటోంది. స్ప్రేయర్ బ్యాటరీ 12 వోల్టులు 12 ఆంపియర్ అవర్లది, ఛార్జింగ్ నష్టంతో కలిపి 180. ఫోన్లకు 30. జీవామృతం డ్రమ్ములోకి గాలి కొట్టే చిన్న పంపు 20 వాట్లు, 4 గంటలకు 80. జీవామృతాన్ని కర్రతో కలిపితే సరిపోతుంది, పంపు నా సౌకర్యం కోసం పెట్టుకున్నది. మొత్తం 1,070.

వైర్లలో, ఇన్వర్టర్లో, బ్యాటరీలో కొంత పోతుంది. అందుకని సుమారు 1,400 పట్టుకున్నాను. మన దగ్గర ఒక కిలోవాట్ ప్లేటు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే 1,400ను 4తో భాగిస్తే 350 వాట్లు. అయితే వానాకాలం ముసురులో ఉత్పత్తి సగానికి పడిపోతుంది. అందుకే 540 వాట్ల ప్లేటు ఒకటి పెట్టాను. బ్యాటరీకి రాత్రి లెక్క వేరు: బల్బులు 180, ఫ్యాను 240, కెమెరాలు 14 గంటలకు 210, మొత్తం 630, నష్టాలతో 750 అనుకోండి. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటుంది, 80 శాతం వాడుకున్నా 1,000 పైనే. ట్యూబులర్ బ్యాటరీ అయితే 150 ఆంపియర్ అవర్లది కావాలి, ఎందుకంటే అది ఎక్కువ కాలం బతకాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు.

ఈ కాగితం పక్కన పెట్టుకొని బావమరిది పంపిన ఆఫర్ చూశాం. ఇక్కడ నా పాత దెబ్బ చెప్పాలి. రెండేళ్ళ కింద ఒక విదేశీ వెబ్‌సైట్‌లో "600 వాట్లు" అని రాసిన మడత ప్లేటు కొన్నాను. కస్టమ్స్ బిల్లు వేరే కట్టాను. వచ్చాక టేపు పెడితే 110 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. మంచి ప్లేటు అందులో 20 నుంచి 22 శాతాన్ని కరెంటు చేస్తుంది. అంటే చదరపు మీటరుకు 200 వాట్ల చిల్లర. నా ప్లేటు 0.66 చదరపు మీటర్లు, దేవుడే దిగొచ్చినా 145 దాటదు. ఏప్రిల్ మధ్యాహ్నం కొలిస్తే 92 వచ్చింది. కొలతలు ఆ పేజీలోనే కింద రాసి ఉన్నాయి, నేనే చూడలేదు. డిప్లొమాలో చదువుకున్నది ఆఫర్ చూడగానే మర్చిపోయాను.

బ్యాటరీని తూకంతో పట్టొచ్చు. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 10 నుంచి 12 కిలోలు తూగుతుంది. బరువు 4 కిలోలని రాసి ఉంటే లోపల సెల్లులు అంత లేవన్నమాట. ఇన్వర్టర్‌ను వైరుతో పట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద 6,000 వాట్లు తీయాలంటే 500 ఆంపియర్లు పారాలి, దానికి బొటనవేలంత మందం రాగి తీగ కావాలి. ఆ ఆఫర్లో ఇచ్చింది పెన్సిలంత తీగ! ఇంకా ఇన్వర్టర్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందా చూడండి. అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్; సౌదీది కూడా 60 హెర్ట్జే. అక్కడి బంధువులు ప్రేమతో పంపిన సామాను మన మోటర్లకు సరిపడకపోవచ్చు. 'ప్యూర్ సైన్ వేవ్' అన్న మాట లేకపోతే ఫ్యాను గుయ్యిమంటుంది, పంపు వేడెక్కుతుంది.

కంట్రోలర్ దగ్గర చాలామంది మోసపోతున్నారు. 540 వాట్ల ప్లేటు దాదాపు 41 వోల్టుల మీద 13 ఆంపియర్లు ఇస్తుంది. చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఆ 13 ఆంపియర్లనే 13 వోల్టుల బ్యాటరీలోకి పంపుతుంది, అంటే 170 వాట్లే లోపలికి పోతాయి, మిగతాది ఎండ పాలు. ఎంపీపీటీ కంట్రోలర్ అదే కరెంటును 35 నుంచి 40 ఆంపియర్లు చేసి ఇస్తుంది. పీడబ్ల్యూఎం డబ్బా మీద ఎంపీపీటీ స్టిక్కరు అతికించి అమ్ముతున్నారు. కొన్నిటికి ప్లేటు వోల్టేజి 50 దాటితే కాలిపోయే గుణం కూడా ఉంది. చలికాలం పొద్దున చల్లటి ఎండలో ఈ ప్లేటు లోడు లేకుంటే 50 దాటుతుంది. మాది 100 వోల్టులు తట్టుకునేది.

తేవడం సంగతి. విమానంలో ప్రయాణికులు 100 వాట్ అవర్ల వరకు విడి లిథియం బ్యాటరీ చేతి సంచిలో తెచ్చుకోవచ్చు, 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆ పైన కుదరదు. మనం అనుకున్నది 1,280! బావమరిది "పట్టుకొస్త" అన్నది అక్కడే ఆగిపోయింది. ఇక ప్లేట్లు: 2022 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ప్లేట్ల మీద 40 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. 2025 బడ్జెట్లో దాన్ని 20 శాతం సుంకం, 20 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సుగా విడదీశారు, కట్టేది మాత్రం అంతే. మన దగ్గర కొంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్లేట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పైగా 25 ఏళ్ళ వారంటీ అంటారు, 28 కిలోల ప్లేటు పాడైతే సముద్రం దాటించి వెనక్కి పంపేదెవరు?

ఇంటి సంగతి షెడ్డుతో కలపకండి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే, గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే బిల్లు కోసం సోలార్ అవసరం లేదు. 300 యూనిట్లు కాలే ఇంటికి రోజుకు 10 యూనిట్లు, అంటే రెండున్నర కిలోవాట్లు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల వరకు సబ్సిడీ ఉంది. సెల్లులు, ప్లేట్లు మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. దుబాయ్ ప్లేటు పెడితే ఆ 78 వేలు పోయినట్టే. ఇంకోటి, గ్రిడ్‌కు కలిపిన సోలార్ కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం. బ్యాటరీ లేకుండా రాత్రి లైటు వస్తదనుకుని పెట్టించుకున్నవాళ్ళను మా మండలంలోనే చూశాను.

చివరికి ప్లేటు, లిథియం బ్యాటరీ, కంట్రోలర్, చిన్న ఇన్వర్టర్, స్టాండు, ఎర్తింగ్ అన్నీ నిజామాబాద్‌లోనే కొన్నాం. 46 వేలయింది. బావమరిదితో ఒకటే తెప్పించుకున్నాను: డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు. అరచేతిలో పట్టేది. మామూలు ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీనే కొలుస్తాయి, సోలార్‌కు పనికిరావు, కొనేటప్పుడు చూసుకోండి.

ఆ మీటరుతోనే ఫిబ్రవరిలో ఒక సంగతి బయటపడింది. మధ్యాహ్నం 34 ఆంపియర్లు చూపించేది వారంలో 27కు పడింది. కంట్రోలర్ పోయిందేమో అని భయపడ్డాను. నిచ్చెన ఎక్కి చూస్తే ప్లేటంతా పచ్చగా ఉంది. పక్క కల్లంలో పసుపు పాలిష్ పడుతున్నారు, ఆ దుమ్మంతా దీని మీదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడిగితే మళ్ళీ 34 వచ్చింది. ఎండలో కాలిన అద్దం మీద చల్లని నీళ్ళు పోయకండి, పగులుతుంది. పాలిష్ అయ్యేదాకా ఇప్పుడు మూడు రోజులకోసారి నాయనే కడుగుతున్నాడు, నిచ్చెన మాత్రం నేను పట్టుకుంటా.