డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఇంటివారి తోడు

మన ఇళ్లల్లో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా బయటపడదు. తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం, నిద్రపట్టకపోవడం, చీటికిమాటికి చిరాకు... ఇలా మొదలవుతుంది. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, ఆ స్థితి రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు పైగా సాగితే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే కనిపించవచ్చు కనుక రక్తపరీక్షలూ అవసరమవుతాయి.

"నీకేం తక్కువ?", "మనసు గట్టి చేసుకో", "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాటలు ప్రేమతో అన్నవే కావచ్చు. కానీ తనను తాను నిందించుకోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఆ మాటలు దాన్నే పెంచుతాయి. ఇంట్లో నిత్యం విమర్శలు వినే రోగులకు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. పక్కన కూర్చుని, అడ్డుతగలకుండా వినడం సలహాల కన్నా మేలు. "ఏమైనా కావాలంటే అడుగు" అంటే అడిగే ఓపిక కూడా వారికి ఉండదు. అన్నం కలిపి చేతికివ్వడం, సాయంత్రం వీధి చివరిదాకా కలిసి నడవడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం నిజమైన సాయం.

అసలు చిక్కు మందులు మొదలయ్యాక వస్తుంది. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం ముందే వస్తాయి. సరిగ్గా అప్పుడే "ఈ మందులు పడలేదు" అని ఇంట్లోవాళ్లే ఆపించేస్తారు. ఇంతకన్నా నష్టం చేసే తొందరపాటు లేదు. ఇవి వ్యసనంగా మారే మందులు కావు. అయితే ఉన్నట్టుండి మానేస్తే తలతిరుగుడు, ఆందోళన రావచ్చు. తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పాతికేళ్లలోపు వారిని తొలి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడకూడదు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి అది చెప్పుకునే దారి అవుతుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేసవుతుందన్న భయంతో దాచిపెట్టనక్కర్లేదు: ఆత్మహత్యకు ప్రయత్నించిన వారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, వారికి చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఈ భారమంతా ఒక్కరి మీదే పడితే వారూ కుంగిపోతారు. ఇంట్లో అందరూ పంచుకోవాలి. సలహా కోసం రోగే కాదు, ఇంటివారూ 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. 24 గంటలూ, తెలుగులోనూ అందుతుంది.