పూడిక తీసే ముందు

చెరువు పూడిక మన రైతుకు ఎరువుతో సమానం. వేసవిలో ఒండ్రు తవ్వి ట్రాక్టర్లలో చేలకు తోలుకోవడం మన ఊళ్లలో మామూలే. ఫ్యాక్టరీ విషం కలిసిన పూడికతో ఆ పని కుదరదు. తవ్వబోతే విషం మళ్లీ నీళ్లలోకి లేస్తుంది. అందుకే అలాంటి చోట పొక్లెయిన్ కంటే ముందు నిపుణుల సమావేశం కావాలి. అక్కడ తేల్చుకోవలసినవి ఏమిటో అమెరికాలోని హడ్సన్ నది అనుభవంలో కనిపిస్తాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో ఆ నది ఒడ్డున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి రెండు కెపాసిటర్ల ఫ్యాక్టరీలు ఉండేవి. 1947 నుంచి 1977 దాకా వాటి పీసీబీ రసాయనాలు నదిలో కలిశాయి. ఇవి నీటిలో పెద్దగా కరగవు, మట్టిని పట్టుకుని ఉంటాయి. బురదలోని పురుగులను చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. మెట్టు మెట్టుకూ విషం చిక్కబడుతుంది. 1976లో నది ఎగువ భాగాన చేపల వేట నిషేధించారు.

మొదట తేలాల్సింది, విషం ఎంత లోతున ఉందన్నది. గొట్టాన్ని నది అడుగున దింపి, పొరలు చెదరకుండా మట్టిని పైకి తీసి, పొరపొరనూ పరీక్షిస్తారు. హడ్సన్‌లో ఇక్కడే లెక్క తప్పింది. అడుగున పాత దుంగలు, చెక్క ముక్కలు పేరుకుని గొట్టాలకు అడ్డుపడ్డాయి. విషం అనుకున్నదానికన్నా కిందికి దిగిందని 2009లో తవ్వకం మొదలయ్యాక గానీ తెలియలేదు.

తర్వాతిది ఏ పద్ధతి అన్నది. తవ్వి తీయవచ్చు, శుభ్రమైన ఇసుక, కంకర పరిచి కప్పేయవచ్చు, కొత్త ఒండ్రు తనంత తాను కప్పేదాకా గమనిస్తూ ఉండవచ్చు. తవ్వితే కొంత విషం దిగువకు కొట్టుకుపోతుంది. కప్పితే ఆ కప్పు వరదకు నిలవాలి. వదిలేస్తే ఖర్చు తక్కువే గానీ ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ నష్టం చేపలు పట్టుకుని బతికేవాళ్లది. అందుకని వాళ్లకూ ఆ సమావేశంలో కుర్చీ వేయాలి.

తీసిన బురద ఎక్కడికి పోతుందో కూడా అప్పుడే తేలాలి. హడ్సన్ బురదను ఒడ్డున పిండి, ఆ నీటిని శుద్ధి చేసి, మట్టిని రైళ్లలో వేరే రాష్ట్రాలకు పంపి పూడ్చిపెట్టారు.

తొలి ఏడాది తవ్వకం కాగానే పని ఆపారు. 2010లో స్వతంత్ర నిపుణులు కూర్చుని లెక్కలన్నీ తిరగేశారు. 2011లో మళ్లీ మొదలైనప్పుడు ఒకే చోటును పదేపదే గీకకుండా, మొదటిసారే కాస్త లోతుగా తీశారు. 2015 నాటికి తీసిన బురద సుమారు 21 లక్షల ఘనపు మీటర్లు. అయినా ఆ నది చేపలు తినడంపై హెచ్చరికలు ఇంకా తొలగలేదు.

కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన పారిశ్రామిక వ్యర్థాలు మన హుస్సేన్‌సాగర్ అడుగునా చేరాయి. ఇలాంటి చోట పని ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించే సమావేశంలోనే, ఎప్పుడు ఆపి చూసుకోవాలో కూడా రాసిపెట్టుకోవాలి.