కారు బ్లోయరు

కారు బ్లోయరు అనగా కారు లోపలికి చల్లని లేదా వెచ్చని గాలిని నెట్టు విద్యుత్ పంకా. ఏ.సి.కి ఒకటి, హీటరుకు మరొకటి ఉండునని చాలామంది తలచెదరు గాని, సాధారణముగా రెంటికీ ఈ ఒక్క పంకాయే ఆధారము. కావున ఇది ఆగినచో రెండునూ ఒకేసారి నిరుపయోగమగును. కర్నూలు, కడప ప్రాంతములలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటును. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకంటె చాల ఎక్కువ. పసిపిల్లలు, వృద్ధులు ప్రయాణించునపుడు దీనిని చిన్న లోపముగా భావించరాదు.

నిర్మాణము

భారతదేశపు కార్లలో బ్లోయరు ఎక్కువగా డాష్‌బోర్డు క్రింద ఎడమవైపున, గ్లవ్ బాక్సు వెనుక ఉండును. 12 వోల్టుల డి.సి. మోటారు ఇరుసుకు గుండ్రని పంజరము వంటి రెక్కల చక్రము బిగించబడి ఉండును. ఇది నెట్టిన గాలి ఏ.సి. కూలింగ్ కాయిల్‌ను తాకి చల్లబడును. హీటరు వేసినపుడు ఇంజను వేడినీరు ప్రవహించు చిన్న రేడియేటరును తాకి వెచ్చనగును.

మీటతో వేగము మార్చు కార్లలో మోటారుకు వరుసగా ఒక రెసిస్టరు కలుపబడి ఉండును. తక్కువ వేగములలో విద్యుత్తు దీని గుండా పోవును. గరిష్ఠ వేగములో దీనిని తప్పించి నేరుగా మోటారును చేరును. రెసిస్టరు బాగుగా వేడెక్కును గనుక దానిని గాలి మార్గములోనే అమర్చెదరు, అనగా పంకా గాలియే దానిని చల్లబరచును. ఆటోమేటిక్ ఏ.సి. గల కార్లలో దీనికి బదులు ట్రాన్సిస్టరు మాడ్యూలు ఉండును.

లోపమును గుర్తించుట

గరిష్ఠ వేగములో మాత్రమే పంకా తిరిగి, తక్కిన వేగములలో తిరుగకున్నచో లోపము దాదాపుగా రెసిస్టరులోనే ఉండును. మోటారు బాగున్నదని ఆ గరిష్ఠ వేగమే చెప్పుచున్నది. ఏ వేగములోను తిరుగకున్నచో ముందు ఫ్యూజు, పిదప రిలే, ఆపై మోటారు కనెక్టరు చూడవలెను. కనెక్టరు వద్ద 12 వోల్టులు వచ్చుచు, ఎర్తు తీగ సరిగా ఉండియు మోటారు కదలనిచో మోటారే చెడినట్లు. మెల్లగా తట్టినపుడు తిరిగి మరల ఆగినచో కార్బను బ్రష్షులు అరిగినవని గ్రహించవచ్చును.

పోయిన ఫ్యూజుకు బదులు ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయుట మిక్కిలి ప్రమాదకరము. అపుడు ఫ్యూజుకు బదులు తీగలు కాలును, కారుకే నిప్పంటుకొనవచ్చును.

మార్చిన రెసిస్టరు కొద్ది నెలలలోనే మరల కాలినచో దోషము రెసిస్టరుది కాదు. బేరింగు బిగిసిన మోటారు అధిక విద్యుత్తు లాగుచుండవచ్చును, లేదా ఫిల్టరు పూడి రెసిస్టరుకు చాలినంత గాలి తగులకుండవచ్చును. మోటారు లాగు ఆంపియర్లను కొలువక రెసిస్టరును మాత్రమే మార్చుట వృథా వ్యయము.

గాలి జోరుగా వచ్చుచు, కారు ఆగినపుడు మాత్రము చల్లదనము తగ్గినచో బ్లోయరును అనుమానించనవసరము లేదు. ఇంజను ముందుండు కండెన్సరు పంకాను చూడవలెను. చల్లదనము లేకున్నచో గ్యాసు తగ్గి ఉండవచ్చును గాని, గాలియే రాకున్నచో గ్యాసు నింపించుట వలన ప్రయోజనము లేదు.

రాయలసీమ పరిస్థితులు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు 40వ జాతీయ రహదారి (పూర్వము 18వ నంబరు) చాలమేర నల్లరేగడి పొలాల మధ్యగా సాగును. బేతంచెర్ల, బనగానపల్లె పరిసరములలో నాపరాయి గనులు, ఎర్రగుంట్ల వద్ద సిమెంటు కర్మాగారములు కలవు. ఇచ్చటి సన్నని దుమ్ము ఫిల్టరును త్వరగా పూడ్చును. కావున తయారీదారు చెప్పిన గడువుకు ముందే, ముఖ్యముగా వేసవికి పూర్వము, దానిని తీసి చూచుట మేలు. ఫిల్టరు లేని పాత కార్లలో ఆ దుమ్ము నేరుగా కూలింగ్ కాయిల్ పైనే పేరుకొనును. గుంతలదారిలో ముందు వాహనపు దుమ్ము లేచునపుడు బయటిగాలి ద్వారమును మూసి, లోపలి గాలినే తిప్పుట ఉపయోగకరము.

ఈ ప్రాంతమున చలి తక్కువ గనుక హీటరు అవసరము అరుదు. అయినను అక్టోబరు, నవంబరు వానలలో ముందు అద్దమునకు పట్టు ఆవిరిని తొలగించునది ఈ బ్లోయరే. కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు వంటి మలుపులలో రాత్రివేళ అద్దము మసకబారినచో దారి కానరాదు. అపుడు బ్లోయరు పనిచేయకున్నచో అద్దములు కొంత దించి, లోపల బయట తేమ సమానమగునట్లు చేసి, మెల్లగా నడుపవలెను.