రిటైనింగ్ వాల్: పెరట్లో మట్టి జారిపోతోందా? పాత రైల్వే స్లీపర్లు కొనేముందు ఇవి తెలుసుకోండి

వాన గట్టిగా పడితే చాలు.. పెరట్లో మట్టి కరిగి గేటు దాకా వచ్చేస్తోందా? మొక్కల మడి కాస్తా వాలు వెంబడి జారిపోతోందా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎత్తుపల్లాల స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఈ తిప్పలు తెలిసినవే. దీనికి సులువైన మందు రెండడుగుల ఎత్తున ఓ చిన్న అడ్డుగోడ. దీన్నే రిటైనింగ్ వాల్ అంటారు.

విదేశీ వీడియోల్లో ఈ గోడను రైల్వే స్లీపర్లతో, అంటే పట్టాల కింద వేసే చెక్క దుంగలతో చకచకా పేర్చేస్తుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. మరి మన దగ్గర అది నిలుస్తుందా?

గోడను పడగొట్టేది ఎక్కువగా నీళ్లే

పొడి మట్టి గోడ మీద పెద్దగా బరువు వేయదు. అదే మట్టి తడిస్తే బరువెక్కుతుంది. దానికి తోడు నీళ్లు కూడా గోడను తోస్తాయి. ఒక ఘనపు మీటరు నీళ్లంటే 1,000 కిలోలు. ఆ నీటికి బయటికి పోయే దారి లేకపోతే గోడ ముందుకు ఒరుగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గోడ ఎత్తు రెట్టింపయితే ఒత్తిడి రెట్టింపు కాదు, 4 రెట్లవుతుంది. గోడను బోర్లా పడేసే బలమైతే ఏకంగా 8 రెట్లు. అందుకే రెండడుగుల గోడ నిలిచింది కదా అని అదే పద్ధతిలో నాలుగడుగులు లేపితే ప్రమాదమే.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడితో ఇంకో చిక్కుంది. ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏటా ఇలా తోస్తూ, వదులుతూ ఉంటే గోడ కదిలిపోతుంది. ఇక నవంబరు వానలు ఎంత గట్టిగా పడతాయో 2021లో ఉమ్మడి కడప జిల్లా కళ్లారా చూసింది.

స్లీపర్లు ఎక్కడివో అడగండి

ఇప్పుడు పట్టాల కింద దాదాపు అన్నీ కాంక్రీటు స్లీపర్లే. పాత చెక్క స్లీపర్లను రైల్వే తుక్కు కింద ఈ-వేలంలో అమ్ముతుంది. కాబట్టి కొనేటప్పుడు వేలం కాగితాలు, బిల్లు తప్పకుండా అడగాలి. దొంగ సరుకు ఇంట్లో దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసు పెడతారు. మొదటి నేరానికే 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

ఇంకో విషయం.. పాత స్లీపర్లలో చాలావాటికి పుచ్చిపోకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టిస్తారు. అది తగిలితే చర్మం మండుతుంది. ఆకుకూరల మడి పక్కన, పిల్లలు ఆడుకునే చోట వీటిని వాడొద్దు. కాల్చితే వచ్చే పొగ కూడా హానికరమే. అలాగని నూనె పట్టించని మామూలు చెక్క వేస్తే చెదలు వదలవు.

చెక్కతోనే కట్టాలంటే..

* ముందు కరెంటు తీగ, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో చూసుకుని దారం కట్టి గాడి తవ్వాలి. అడుగున ఆరంగుళాల కంకర పోసి దిమ్మిస కొట్టాలి.
* మొదటి వరుస సగం వరకు భూమిలోనే ఉండాలి. రసమట్టం పెట్టి చూడాలి. ఇది వంకరపోతే పైవన్నీ వంకరే.
* ఇటుకల్లాగే ఒక వరుస అతుకు మీద ఇంకో వరుస అతుకు పడకూడదు. దుంగలకు రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలను కనీసం రెండడుగులు భూమిలోకి దించాలి.
* అడుగు ఎత్తుకు ఒక అంగుళం చొప్పున గోడ మట్టి వైపు వాలాలి.

ఊళ్లోనే ఉంది నాపబండ

మన దగ్గర చెక్క కన్నా సులువుగా దొరికేది కడప నాపబండే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల్లో తీసే ఈ సున్నపురాయికి చెదలు పట్టవు, పుచ్చిపోదు. అయితే పలుచటి బండను నిలువుగా పాతితే వెనక మట్టి బరువుకు పుటుక్కున విరిగిపోవచ్చు. బండ ముక్కలను పడుకోబెట్టి పేర్చడమే మేలు. రెండడుగుల గోడకు అడుగున కనీసం అడుగు వెడల్పు ఉండాలి. సిమెంటు లేకుండా పేర్చితే సందుల్లోంచి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. సిమెంటు పెడితే మాత్రం నాలుగైదు అడుగులకొక రంధ్రం వదలాలి. మేస్త్రీలు వీటినే వీప్ హోల్స్ అంటారు.

రెండింటికీ ఇది తప్పనిసరి

గోడ వెనక అడుగు మందాన కంకర నింపాలి. అడుగున రంధ్రాల పైపు వేసి, వాలు ఇచ్చి, కాలువలోకి వదలాలి. కంకరకు, మట్టికి మధ్య జియో క్లాత్ పరిస్తే మట్టి చేరి పైపు పూడుకుపోదు. తవ్విన నల్లమట్టినే తిరిగి గోడకు ఆనించి పోయొద్దు. ఖర్చు తగ్గించుకుందామని చాలామంది వదిలేసేది ఈ పనినే. గోడ పడిపోయాక గానీ దాని విలువ తెలియదు.

ఎప్పుడు సొంతంగా కట్టకూడదు?

గోడ మూడడుగులు దాటినా, దాని పైన కారు నిలిపే చోటు, నీళ్ల ట్యాంకు, ఇంటి పునాది లాంటివి ఉన్నా సివిల్ ఇంజనీరును పిలవాల్సిందే. పక్కింటి ప్రహరీ పునాది కింద అస్సలు తవ్వకూడదు. కట్టిన గోడను మొదటి రెండు వానలు పడేదాకా గమనించండి. పైపులోంచి నీళ్లు వస్తున్నాయంటే గోడ బాగున్నట్టే. వాన కురిసినా పైపు పొడిగా ఉండి, గోడ ముందుకు ఉబ్బుతూ కనిపిస్తే మాత్రం పిల్లల్ని, పశువుల్ని అటు పోనీయకండి. వాన తెరిపి ఇచ్చాక, ఇంజనీరు సలహాతోనే వెనక మట్టి తీయించండి.