హోప్ ఐలాండ్

హోప్ ఐలాండ్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కాకినాడ తీరానికి ఎదురుగా, బంగాళాఖాతములో ఉన్న ఇసుక దీవి. దీనిని హోప్ దీవి అని కూడా అంటారు. వసతి గృహాలు, దుకాణాలు లేని ఈ దీవిపై కొద్దిమంది మత్స్యకారులు నివసిస్తారు.

ఏర్పడిన విధానం

దీవి అని పిలిచినప్పటికీ, భూగోళ శాస్త్రము ప్రకారం ఇది సముద్రములోనికి పొడుగ్గా సాగిన ఇసుక తిన్నె. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వయస్సు సుమారు 200 సంవత్సరాలు మాత్రమే. మహదేవపూర్ మండలములోని కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొనే గోదావరి, ఎగువ ప్రాంతాల ఒండ్రును, ఇసుకను దిగువకు మోసుకొని వస్తుంది. ధవళేశ్వరం దాటిన తరువాత నది పాయలుగా చీలుతుంది. వాటిలో గౌతమి పాయ సముద్రములో వదిలిన ఇసుకను తీర ప్రవాహాలు ఉత్తర దిక్కుకు నెట్టడం వలన ఈ తిన్నె ఏర్పడినది.

ప్రాముఖ్యత

ఈ తిన్నెకు, ప్రధాన భూభాగానికి మధ్య ఉన్న జలభాగమే కాకినాడ అఖాతము. తిన్నె సముద్రపు అలలను అడ్డుకొనడం వలన కాకినాడకు సహజమైన ఓడరేవు లభించినది. దీవికి పడమరగా కోరంగి మడ అడవులు ఉన్నాయి. ఇవి 1978లో ఏర్పాటైన కోరంగి అభయారణ్యములోనివి. నీటిపిల్లులు, నీటికుక్కలు ఇక్కడి ముఖ్య జంతువులు.

తాబేళ్ళు

జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ దీవి ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్ల నుండి వెలువడగానే సముద్రముపై కనబడే వెలుతురు వైపు నడుస్తాయి. ఒడ్డున దీపాలు ఉంటే అవి దారి తప్పి చనిపోతాయి. అందువలన ఈ దీవిపై చీకటి ఉండడం కూడా వాటికి రక్షణే.

సందర్శన

దీవికి పడవపైనే చేరుకోవాలి. అఖాతము లోతు తక్కువ కనుక పోటు, పాటు సమయాలను పడవవారు తప్పక చూసుకుంటారు. అటవీ శాఖ అనుమతి గురించి ముందుగా తెలుసుకొనడం, తాగునీరు, ఆహారము వెంట తీసుకొని వెళ్ళడం, చెత్తను తిరిగి తీసుకొని రావడం అవసరం. తుఫాను హెచ్చరికలు ఉన్నప్పుడు ప్రయాణము ప్రమాదకరం.

సమస్యలు

గోదావరిపై, దాని ఉపనదులపై కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం వలన డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గినది. ఇసుకతో ఏర్పడిన దీవి ఇసుక రాకపై ఆధారపడి ఉంటుంది. కావున హోప్ దీవి భవిష్యత్తు సందర్శకుల నడవడికతో పాటు, వందల కిలోమీటర్ల ఎగువన నదిని వాడుకొనే తీరుపై కూడా ఆధారపడి ఉన్నది.