ఇంటనున్న హృద్రోగికి దూరపర్యవేక్షణము

బెంగుళూరునకు తూర్పుననున్న కాడుగోడి ప్రాంతమునకు చికిత్సకై వచ్చు హృద్రోగులలో రాయలసీమవారు పలువురు. దాపుననే వైట్‌ఫీల్డునందు 2001 జనవరి 19వ తేదీన ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో చికిత్స ఉచితమగుటయే ఇందులకు ముఖ్యకారణము. కాని రోగి అనంతపురము జిల్లాలోని తన పల్లెకు మరలిన పిమ్మట అతనిని కనిపెట్టియుండువా రెవరు? దీర్ఘకాలిక హృదయవైఫల్యమున అసలు చిక్కు అక్కడనే కలదు.

హృదయవైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. దేహమునకు వలసినంత రక్తమును అది అందింపలేకపోవుట. అప్పుడు మూత్రపిండములు ఉప్పును, నీటిని నిలుపుకొనును. ఆ నీరు కాళ్ళకును ఊపిరితిత్తులకును చేరును. వెల్లకిల పరుండలేనంత ఆయాసము ఒక్కరాత్రిలో వచ్చినట్లు తోచును గాని, అనేకులలో దేహపు తూకము వారము ముందునుండియే పెరుగుచుండును. మూడు దినములలో రెండు కిలోలకు మించి పెరిగినచో అది కండ కాదు, నీరని శంకింపవలెను. కావున ప్రతి ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, ఏమియు తినకమునుపే, ఒకే యంత్రముపై తూగి ఆ అంకెను వ్రాసికొనవలెను. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మన యిండ్లలో ఈ అలవాటు మరింత అవసరము.

ఆ అంకెను, రక్తపుపోటు మున్నగువానిని ఫోను మూలమున వైద్యులకు చేరవేయుటయే దూరపర్యవేక్షణము. పంపినంతమాత్రమున ప్రాణము నిలుచునా? 1,653 మంది రోగులతో జరిగి 2010లో వెలువడిన అమెరికా పరిశోధనలో ప్రయోజనమేమియు కానరాలేదు. అందు పర్యవేక్షణ పొందిన రోగులు ప్రతిదినము ఫోనులో యంత్రపు గొంతుకు బదులు చెప్పవలసియుండెను. ఆరునెలలు గడచుసరికి వారమునకు మూడుమారులైనను పిలిచినవారు సగమునకు కొంచెము మించి మాత్రమే. యంత్రముతో ఎంతకాలము మాటలాడగలరు?

1,571 మందితో జరిగి 2018లో వెలువడిన జర్మనీ పరిశోధన వేరు. బెర్లినులోని షారిటే వైద్యశాలయందు వైద్యులును నర్సులును రేయింబవళ్ళు ఆ అంకెలను చూచి, అవసరమైనచో మందు మార్చి, నెలకొకసారి రోగితో మాటలాడిరి. ఏటికి నూరుమందికి సుమారు 11గా నుండిన మరణములు పర్యవేక్షణ పొందినవారిలో సుమారు 8 మాత్రమే.

తూకపుయంత్రము కొనుట కష్టము కాదు. ఆవలివైపున వినువారు దొరకుటయే కష్టము. “దమ్ము వస్తాది” అను రాయలసీమ రోగి మాట అర్థమగు నర్సు అచట నుండవలెను. ఆసుపత్రి నుండి పంపునప్పుడు చీటిపై నీరు తీసిన పిమ్మటి తూకమును, అది ఎంత పెరిగినచో ఎవరిని పిలువవలయునో తెలుగులో వ్రాసి యిచ్చుటకు మాత్రము ఏ యంత్రమును అక్కరలేదు.